ఎడమ నెలలు

ఫిబ్రవరి 3

పొద్దున ఆరున్నరకి కనిపించింది. రిజిస్టర్లో రాసేశాను. ఒకటో రోజు. ఇరవై ఆరు నెలలు అయిపోయాయి, ఇరవై ఏడోది మొదలు.

రిజిస్టర్లో గళ్ళున్నాయి. తేదీ, ఒంటి వేడి, అండం ఏ వైపు, ఎన్ని మిల్లీమీటర్లు పెరిగింది, ఆయన వచ్చారా, ఫలితం. ఏ గడిలో ఏం రాయాలో నాకు తెలుసు. కానీ ఆరున్నరకి బాత్రూములో గోడకి చెయ్యి ఆనించి ఎంతసేపు నిలబడ్డానో రాయడానికి గడి లేదు. అందుకే బజారుకెళ్ళి ఈ పుస్తకం కొన్నాను. దీనికి గళ్ళు లేవు, గీతలు కూడా లేవు.

కొత్త పుస్తకం తెరిస్తే పాత నిల్వ మొదటి పేజీలో ఎత్తి రాయాలి. అది నా పద్ధతి. రాస్తాను.

నాకు నలభై ఒకటి. పెళ్ళయి ఏడేళ్ళు. నాలుగేళ్ళ కిందట కడుపు నిలిచింది, కానీ నిలవాల్సిన చోట కాదు. ట్యూబులో ఇరుక్కుని ఏడు వారాలు పెరిగి, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే పగిలింది. ఆపరేషన్ చేసి ఆ ట్యూబు తీసేశారు. ఎడమది పోయింది, కుడిది ఉంది. అండం ఒక నెల కుడి నుంచి వస్తుంది, ఒక నెల ఎడమ నుంచి. వరసేం లేదు, దాని ఇష్టం. కుడి నెల అయితే దారి ఉన్నట్టు. ఎడమ నెల అయితే బయల్దేరుతుంది గానీ దారి లేదు.

ఆయన వంతెనలు కట్టే కంపెనీలో సర్వేయరు. బస్సులో తొమ్మిది గంటల దూరం. నెలకి నాలుగు రోజులు సెలవు, వాడుకోకపోతే వచ్చే నెలలో కలుస్తుంది. అందుకని పదకొండో రోజు స్కాన్ చేయించుకుని ఫోన్ చేస్తాను. కుడి అయితే రమ్మంటాను. ఎడమ అయితే వద్దంటాను.

పాత నిల్వ ఇంతే.

ఫిబ్రవరి 4

కడుపు నొప్పి. రాయడానికేం లేదు.

ఫిబ్రవరి 8

అత్తయ్య, నేను కలిసి పక్క వీధి స్కూలు వాళ్ళకి చొక్కాలు కుడుతున్నాం. ఆవిడకి డెబ్భై నాలుగు. చూపు తగ్గింది గానీ కత్తెర తగ్గలేదు. ముప్ఫై ఏళ్ళు టైలరు దుకాణం నడిపిన చెయ్యి. ఆవిడ కత్తిరిస్తుంది, నేను కుడతాను.

సాయంత్రం పోస్టులో వచ్చిన కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. చదివిన ప్రతి కాగితానికీ మూలన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెడతాను, కింద తేదీ వేస్తాను. ముఖ్యమైన మాట ఉంటే దాని కింద గీత. టిక్కు లేదంటే నేను చదవనట్టే. అత్తయ్య కళ్ళజోడు పైనుంచి చూసింది.

"నా మొహం మీద కూడా ఒకటి పెట్టెయ్ అమ్మాయ్. చదివేశానని."

"మీరింకా పూర్తిగా అర్థం కాలేదత్తయ్యా. సగం చదివాను."

"మిగతా సగం నాకే అర్థం కాలేదు," అంది.

మేమిద్దరం నవ్వుకునే రోజులు ఉంటాయి. రిజిస్టర్లో వాటికీ గడి లేదు.

ఫిబ్రవరి 13

పదకొండో రోజు. స్కాన్.

ఆ గదిలో కర్టెన్‌కి మూడు రింగులు ఊడిపోయి రెండేళ్ళయింది. ఎవరూ వెయ్యలేదు. సూదీ దారం తెచ్చి నేనే కుట్టేద్దామనిపిస్తుంది. స్కాన్ చేసే సిస్టర్ తెర తన వైపు తిప్పుకుంటుంది. ఆమె మొహం చూసి కనుక్కోవాలని ప్రతిసారీ ప్రయత్నిస్తాను. ఆమె మొహంలో ఏమీ ఉండదు, నమిలే చూయింగ్ గమ్ తప్ప.

"ఎడమ. పదిహేడు," అంది.

డాక్టరమ్మ కాగితం చూసి, "బాగా పెరుగుతోంది," అంది.

"ఎడమ కదండీ."

"ఎడమైనా మానకండమ్మా. ఒక్కోసారి అటు వైపు అండాన్ని ఇటు ట్యూబు అందుకుంటుంది. జరగనిదేం కాదు."

డాక్టర్లు చెప్పే ‘ఒక్కోసారి’ని నేను లెక్కలో వేసుకోను. మనసు చిన్నబుచ్చడం ఇష్టం లేక అంటారు.

"పాత ఆపరేషన్ కాగితాలు ఎప్పుడు తెస్తారు?"

"వచ్చేసారి తప్పకుండా."

"మీ వచ్చేసారికి రెండేళ్ళు నిండాయి," అని నవ్వింది. "అవి లేకపోతే పోయె. రంగు మందు ఎక్కించి ఎక్స్-రే తీయిద్దాం. మిగిలిన ట్యూబు తెరుచుకుని ఉందో మూసుకుపోయిందో తెలియకుండా ఇంకెన్నాళ్ళు? స్కాన్‌లో ట్యూబు కనపడదు."

"నొప్పి అంటారు కదండీ."

"పది నిమిషాలు."

ఆలోచిస్తానన్నాను. కాగితాలు బీరువా మీద సూట్‌కేసులో ఉన్నాయి. దాని మీద పాత దుప్పట్ల మూట. అది దించాలంటే ఆయన ఉండాలి. ఆయన ఉన్నప్పుడు వేరే పనులుంటాయి. అయినా అందులో ఏముందో నాకు తెలియనిదా? ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు వార్డు సిస్టర్ మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించింది. గర్భసంచి, రెండు కొమ్మల్లా రెండు ట్యూబులు, ఒకదాని మీద ఇంటూ. ఆ చీటీ రిజిస్టరు అట్ట లోపల అంటించాను. ఇంటూ ఎడమ వైపే ఉంది. రోజూ చూస్తాను.

ఫోన్ చేశాను.

"ఈ నెల ఎడమ. పదిహేడు."

అటు వైపు ఏదో యంత్రం చప్పుడు.

"అయితే?" అన్నారు.

"అయితే ఏముంది? రానక్కర్లేదు. సెలవు దాచుకోండి."

"ఊరికే వస్తాను. అమ్మని చూసినట్టుంటుంది."

"మొన్న నెలేగా చూశారు. దాచుకోండి."

"సరే," అన్నారు.

ఆయన సరే అన్నప్పుడు బరువు దించినట్టు ఊపిరి వినపడుతుంది. యంత్రం చప్పుడేమో.

ఫిబ్రవరి 16

ఈ నెల పోయినట్టే కాబట్టి ఇల్లు దులిపాను. కిటికీలు కడిగాను. ఎడమ నెలల్లో నాకు నిద్ర బాగా పడుతుంది, ఎందుకో మరి. ఆశ లేకపోవడం కూడా ఒక విశ్రాంతే అనుకుంటాను.

ఫిబ్రవరి 25

మెట్ల మీద ఎదురింటావిడ. ఆవిడకి మేం పెట్టుకున్న పేరు రేడియో. ఆపడానికి మీట ఉండదు.

"వదినగారూ, మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట. నలభై దాటాక ఒంటికి శ్రమ. హాయిగా ఎవరినైనా తెచ్చి పెంచుకోరాదూ?"

"మీ వారిని పంపండి, పెంచుకుంటాను. మీరెటూ తిండి సరిగా పెట్టట్లేదని అందరితో చెబుతున్నారట."

అత్తయ్య లోపలి నుంచి విని దగ్గు వచ్చేంత నవ్వింది. తర్వాత కత్తెర పక్కన పెట్టి, "దాని మాటకేం గానీ, నీకు ఓపిక అయిపోతే చెప్పు. నేను వాడికి చెబుతాను," అంది.

అయిపోలేదన్నాను.

మార్చి 3

ఒకటో రోజు. ఎడమ నెల కాబట్టి ఏడుపు రాలేదు.

మార్చి 13

కుడి! పద్దెనిమిదిన్నర!

స్కాన్ గదిలోంచి వస్తూ ఆ సిస్టర్‌కి థాంక్స్ చెప్పాను. అండం ఆమే పెట్టినట్టు. ఆమె చూయింగ్ గమ్ నమలడం ఆపి నన్ను చూసింది.

"కుడి, పద్దెనిమిదిన్నర. రండి," అన్నాను ఫోన్‌లో.

"రేపు పొద్దునకల్లా ఉంటాను," అన్నారు. ఎప్పుడు పిలిచినా అంతే. ఒక్కసారి కూడా పని ఉందనలేదు. ఇలాంటి మనిషి ఎంతమందికి దొరుకుతాడు?

మార్చి 15

ఆయన ఉన్నారు. కుళాయి బాగుచేశారు. అత్తయ్య కుట్టు మిషన్‌కి నూనె వేశారు. మూట దించి కాగితాలు తీయమందామనుకున్నాను, మరిచిపోయాను.

మధ్యాహ్నం పడుకుని ఉంటే నా పొట్ట మీద కోత మచ్చని వేలితో మెల్లిగా తడిమారు.

"భయంగా ఉందా?"

"భయమెందుకు?"

"ఊరికే అడిగాను."

"ఈసారి నిలుస్తుంది చూడండి. పద్దెనిమిదిన్నర."

ఆయన కిటికీ వైపు తిరిగారు. అలసిపోయి ఉంటారు, తొమ్మిది గంటల ప్రయాణం.

మార్చి 17

వెళ్ళారు. కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకున్నాను. అలా పడుకుంటే లాభం లేదని డాక్టరమ్మ చెప్పింది. నష్టం కూడా లేదన్నట్టేగా.

మార్చి 26

రొమ్ములు బరువుగా ఉన్నాయి. పోయిన కుడి నెలలో కూడా ఉన్నాయి. కానీ ఇంత లేవు. ఉన్నాయా? రిజిస్టర్లో ‘బరువు, కొంచెం’ అని ఉంది. ఈసారి ‘బరువు, బాగా’ అని రాశాను.

మార్చి 31

రాలేదు. ఇవాళ రావాలి. రాలేదు.

ఏప్రిల్ 1

రాలేదు. పరీక్ష కిట్ కొన్నాను. వాడలేదు. వాడితే తెలిసిపోతుంది. ఇవాళ ఒక్క రోజు తెలియకుండా ఉండనీ. మిషన్ మీద కూర్చుంటే గుడ్డ ఎటు పోతోందో తెలియట్లేదు, రెండు కాలర్లు విప్పి మళ్ళీ కుట్టాను. దేవుడా, ఒక్కటి. రెండోది అడగను. ఆడా మగా అడగను. ఒక్కటి.

ఏప్రిల్ 2

వచ్చింది.

ఏప్రిల్ 2, మళ్ళీ

ఆయనకి ఫోన్ చేసి ఏడ్చాను. "పోనీలే, పోనీలే," అన్నారు. పోనీలే అంటూనే ఉన్నారు. ఈ రెండేళ్ళలో అలా పదిహేను సార్లు విన్నాను ఆ మాట.

క్లినిక్‌కి కూడా ఫోన్ చేశాను. ఎక్స్-రే తీయించుకుంటానన్నాను. నొప్పి అయితే కానీ. ఇంతకన్నా నొప్పా?

ఏప్రిల్ 9

జరిగింది జరిగినట్టు రాయాలి. వరసగా రాస్తాను.

ఎక్స్-రే గది చల్లగా ఉంది. రంగు మందు ఎక్కించారు. నొప్పి పుట్టింది, పళ్ళు బిగపట్టాను. పది నిమిషాలన్నది నిజమే. తర్వాత డాక్టరమ్మ ఫిల్మును దీపం ముందు పెట్టి చూసింది. మొహం వెలిగింది.

"చాలా బాగుందమ్మా. ట్యూబు శుభ్రంగా తెరుచుకుని ఉంది. మందు ఆ చివరి దాకా వెళ్ళింది, చూడండి."

చూశాను. తెల్లటి సన్నటి తీగ. నా ప్రాణానికి ప్రాణం వచ్చింది.

ఆమె నా కార్డు తిరగేసింది. మళ్ళీ ఫిల్ము చూసింది. మళ్ళీ కార్డు.

"మీకు ఏ వైపు తీశారన్నారు?"

"ఎడమ."

"కాదే. ఉన్నది ఎడమది. తీసేసింది కుడిది."

ఫిల్ములో తీగ కుడి పక్కన ఉంది. వేలు పెట్టి చూపించాను. "ఇదిగో కుడి."

"ఫిల్ములో మీరు మాకు ఎదురుగా ఉన్నట్టు లెక్కమ్మా. మా కుడి చేతి వైపు ఉన్నది మీ ఎడమ. మూలన అక్షరం కూడా వేసి ఉంది. బొమ్మలు గీసినా అంతే గీస్తాం. మీరు ఎడమ అని చెప్పారు, కాగితాలు లేవు కదా అని నేనూ అదే రాసుకున్నాను. నాదీ తప్పే, రెండేళ్ళ కిందటే ఈ ఎక్స్-రే కోసం పట్టుబట్టాల్సింది. అయినా ఏం ఫర్వాలేదు, ప్రతి నెలా ప్రయత్నిస్తున్నారు కాబట్టి ఏ వైపైనా పెద్ద తేడా పడదు."

ప్రతి నెలా ప్రయత్నించలేదని ఆమెకి చెప్పలేదు. కుడి నెలలు చూసి చూసి పిలుచుకున్నానని చెప్పలేదు.

ఇంటికొచ్చి రిజిస్టరు అట్ట తెరిచాను. చీటీ మీద బొమ్మ. ఇంటూ ఎడమ వైపున. కాగితానికి ఎడమ వైపు.

ఏప్రిల్ 10

లెక్క కట్టాను. మొత్తం ఇరవై ఎనిమిది నెలలు. కుడి పదిహేను, ఎడమ పదమూడు.

పదిహేను సార్లు ఆయన్ని పిలిపించింది దారి లేని నెలల్లో. పదమూడు సార్లు, దారి తెరుచుకుని ఉన్న నెలల్లో, రావద్దన్నాను. కిటికీలు కడిగాను.

పదమూడు. ముప్ఫై తొమ్మిదో ఏట ఐదు, నలభయ్యో ఏట ఆరు, ఈ ఏడు రెండు. మళ్ళీ కూడాను. మళ్ళీ కూడినా పదమూడే.

ఏప్రిల్ 11

ఆ వార్డు సిస్టర్‌ది తప్పు. బొమ్మ గీసేటప్పుడు కుడి ఎడమ రాయాలా వద్దా? రోగికి ఎలా తెలుస్తుంది?

ఆయన్ని రమ్మని ఫోన్ చేశాను. వైపు చెప్పలేదు. ఆయనకి ఎలా చెప్పాలో తెలియట్లేదు. పదమూడు సార్లు వస్తానన్న మనిషిని నేనే ఆపాను.

ఏప్రిల్ 12

ఎనిమిదింటికి బస్సు దిగారు. టీ ఇచ్చి వంటింట్లో కూర్చోబెట్టాను. అత్తయ్య ముందు గదిలో మిషన్ మీద ఉంది.

చెప్పడం మొదలుపెట్టాను. బొమ్మ, ఇంటూ, ఫిల్ము. ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాను. ఆయన దాని వైపు చూడలేదు. టీ కప్పులోకి చూస్తున్నారు. కొలతలు, పటాలు చూసి బతికే మనిషి, కాగితం కనిపిస్తే చాలు తల తిప్పి చూసే మనిషి, చూడలేదు.

అప్పుడు తెలిసింది నాకు.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆపరేషన్ రోజు నుంచే. లోపల్నుంచి వచ్చి, కుడి ట్యూబు తీసేస్తున్నాం, సంతకం పెట్టమన్నారు. పెట్టాను."

"మరి నేను కుడి, రండి అంటే?"

"వచ్చాను."

"నోరెందుకు విప్పలేదు?"

ముందు గదిలో మిషన్ చప్పుడు ఆగింది.

"మొదటిసారి పొరపాటు పడ్డావనుకున్నాను. వచ్చాక చెబుదామనుకున్నాను. తలుపు నవ్వుతూ తీశావు. ఆపరేషన్ అయ్యాక నీ మొహంలో నవ్వు చూడ్డం అదే. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. రెండోసారి అంతే. మూడోసారి అనుమానం వచ్చింది. నువ్వు లెక్క తప్పే మనిషివా? డబ్బాలో ఎన్ని ఉల్లిపాయలున్నాయో మూత తీయకుండా చెబుతావు. అందుకని ఇది తప్పు కాదు, భయం అనుకున్నాను. పిల్ల కావాలి, కానీ కడుపు నిలిచే నెలల్లో నన్ను రానివ్వట్లేదు. దాన్ని నేనెందుకు బయటపెట్టాలి అనుకున్నాను."

"పదిహేను సార్లు ఏడ్చాను నేను."

"అవును."

"పోనీలే అన్నారు. నిలవదని తెలిసీ."

"డాక్టర్లు ఒక్కోసారి అటు వైపుది కూడా..."

"ఆ ఒక్కోసారి నాకు చెప్పకండి!"

ఆయన లేచి నిలబడ్డారు. స్టవ్వు పక్కన నేల చూపించారు.

"ఇక్కడ పడిపోయావు. నిన్ను ఆస్పత్రిలో పెట్టాక బట్టల కోసం ఇంటికొస్తే ఈ నేలంతా నువ్వే ఉన్నావు. తుడిచింది నేను. ఉల్లిపాయలతో సహా తుడిచాను. మళ్ళీ నీకు అలా జరిగే దారి మూసుకుపోయి ఉంటే, నేనెందుకు తెరుస్తాను? పిల్లలు లేకపోతే లేకపోయారు."

"ఆ మాట నాతో అనాల్సింది."

"అంటే వినేదానివా?"

"వినకపోదును. పోట్లాడుదును. కానీ నాకు తెలిసేది! నా ఒళ్ళు కదండీ అది. పోట్లాడ్డానికి నాకు రెండేళ్ళు ఉండేవి."

వెళ్ళిపొమ్మన్నాను. వెళ్ళారు. టీ అలాగే ఉంది.

ఈ నెల స్కాన్ ఇవాళే. వెళ్ళలేదు.

ఏప్రిల్ 14

నేను ఏనాడూ లెక్క తప్పలేదు. ఆ సిస్టర్ బొమ్మ వల్ల జరిగింది. ఆయన నోరు విప్పకపోవడం వల్ల జరిగింది.

ఏప్రిల్ 15

ఆయనకి నేనంటే ప్రేమట. ప్రేమ ఉన్నవాళ్ళు ఇలా చేస్తారా? పదిహేను సార్లు.

ఏప్రిల్ 18

అత్తయ్య ఆరు రోజులుగా ఏమీ అడగలేదు. ఆ రోజు మిషన్ ఆపి అంతా విందని నాకు తెలుసు. ఇవాళ నేను చొక్కాకి చేతులు అతుకుతుంటే అంది.

"వాడిది తప్పే. చెవులు మెలెయ్యాల్సిన తప్పు. నాకు దొరికినప్పుడు మెలేస్తాను."

"మెలెయ్యండి."

"కానీ అమ్మాయ్, నా దగ్గర ఏడేళ్ళుగా కుడుతున్నావు. చొక్కా ముందు ముక్క బల్ల మీద పరిచి ఉన్నప్పుడు మన కుడి చేతి వైపు ఉన్నది తొడుక్కునేవాళ్ళకి ఏ చెయ్యి?"

"ఎడమ."

"ఎంత టక్కున చెప్పావో చూశావా? ఇన్నేళ్ళలో ఒక్క చొక్కాకైనా కుడి చెయ్యి ఎడమకి వేశావా?"

సూది వేలికి గుచ్చుకుంది.

"అంటే నేను కావాలని చేశానంటారా?"

"నేనేమీ అనను. పొయ్యి దగ్గర చెయ్యి కాలినవాళ్ళు పొయ్యి అంటిస్తారు గానీ, అగ్గిపుల్ల తడి చేసుకుని అంటిస్తారు. నేనూ చేశానలే అలాంటివి. ఏవని మాత్రం అడక్కు."

పని మధ్యలో వదిలేసి లోపలికొచ్చాను. ఆవిడ కూడా కొడుకు పక్షమే. ఎంతైనా తల్లి.

ఆ కాగితాలు తీసి చూపిస్తాను అందరికీ. టిక్కు ఉండదు వాటి మీద. నేను చదవలేదు. చదివి ఉంటే తెలిసేది కదా.

ఏప్రిల్ 20

స్టూలు వేసుకుని ఎక్కాను. అత్తయ్య స్టూలు పట్టుకుంది. దుప్పట్ల మూట నేను అనుకున్నంత బరువు లేదు. ఒక్క చేత్తో వచ్చింది.

సూట్‌కేసులో నీలం ఫైలు. రక్త పరీక్షలు, మందుల బిల్లులు. అన్నిటికంటే కింద ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు ఇచ్చే కాగితం.

మూలన ఎర్ర టిక్కు. దాని కింద తేదీ. ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు.

మధ్యలో, ఏ ట్యూబు తీశారో రాసిన వాక్యంలో, కుడి అన్న మాట కింద గీత. తిన్నటి గీత. స్కేలు పెట్టి గీసినట్టు గీస్తాను నేను, అందరూ అంటారు.

ఎంత ఆలోచించినా ఆ రోజు గుర్తు రాలేదు. ఆ కాగితం చేతిలో పట్టుకున్నట్టు గుర్తు లేదు. రాత మాత్రం నాదే.

అత్తయ్య స్టూలు వదలకుండా అలాగే నిలబడింది. నేనెప్పుడో దిగిపోయాను.

ఏప్రిల్ 21

లెక్క తప్పలేదు.

ఏప్రిల్ 24

ఆయన అత్తయ్యకి వారానికోసారి చేసే ఫోన్. ఆవిడ నాలుగు చీవాట్లు పెట్టి, నా చేతికిచ్చి, అల్మరాలో ఏదో వెతుక్కునే పని పెట్టుకుంది.

"ఫైలు దించాను," అన్నాను.

"స్టూలెక్కావా? ఎవరు పట్టుకున్నారు?"

"అత్తయ్య."

"బాగుంది. ఇద్దరూ కలిసి పడేవాళ్ళు."

నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "దాని మీద టిక్కు ఉందండీ."

ఆయన అన్నారు, "తెలుసు. ఆ పెన్సిలు చెక్కి ఇచ్చింది నేనే. మంచం మీద కూర్చుని చదివావు. గీత గీశావు. టిక్కు పెట్టి, మడిచి, లోపల పెట్టెయ్యమన్నావు. ఆ తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. అందుకే నీకు తెలిసే చేస్తున్నావనుకున్నాను."

"నాకు తెలియదు."

"ఇప్పుడు తెలుస్తోంది, నీకు తెలియదని."

"తెలుసేమో కూడా. నాకు తెలియట్లేదు."

ఎవరం ముందు పెట్టేశామో గుర్తు లేదు. క్షమించానని నేను అనలేదు. ఆయనా అడగలేదు.

ఏప్రిల్ 30

ఒకటో రోజు. స్కాన్ చేయించని నెల. వైపు గడి ఖాళీగా ఉంది. రిజిస్టర్లో మొదటి ఖాళీ.

మే 4

పదమూడు. నిద్ర లేస్తూనే ఆ అంకె.

మే 8

డాక్టరమ్మకి అంతా చెప్పాను. టిక్కు సంగతి కూడా. ఆమె తిట్టలేదు, నవ్వలేదు. కుర్చీ దగ్గరకి లాక్కుంది.

"నిజం చెప్పమంటారా? నలభై ఒకటికి అవకాశం తక్కువ. ఉన్న ట్యూబులో మళ్ళీ ఇరుక్కునే ప్రమాదం మిగతా వాళ్ళకంటే మీకు ఎక్కువ. కానీ ఈసారి మనం కళ్ళు తెరుచుకుని ఉంటాం. రోజు తప్పగానే రండి. రక్త పరీక్ష చేసి, ఎక్కడ నిలిచిందో మొదటి వారాల్లోనే చూసుకుందాం. వంటింట్లో పడిపోయేదాకా రానివ్వను. వద్దనుకుంటే వద్దనుకోండి, అదీ తప్పు కాదు. కానీ ఏదనుకున్నా తెలిసి అనుకోండి."

తెలిసి. ఇన్నాళ్ళూ కావాలి కావాలి అని ఏడ్చినప్పుడు ఇంత భయం వెయ్యలేదు. కావాలో వద్దో తెలిసి చెప్పమంటే ఒళ్ళు చల్లబడింది.

మే 10

పదకొండో రోజు. స్కాన్‌కి వెళ్ళేటప్పుడు సంచిలో సూదీ దారం వేసుకున్నాను. సిస్టర్ జెల్ పూసేలోపు కర్టెన్ రింగులు మూడూ కుట్టేశాను. ఆమె నోరు తెరుచుకుని చూసింది.

"తెర కొంచెం నా వైపు తిప్పండి," అన్నాను. తిప్పింది. బూడిద రంగు మధ్య నల్లటి గుండ్రం. ఇన్ని నెలల్లో నేను చూడ్డం ఇదే మొదలు.

"ఎడమ. పందొమ్మిది," అంది.

క్లినిక్ బయట బెంచీ మీద కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. నా ముందు నుంచి మూడు బస్సులు వెళ్ళాయి. ఎడమ అని వినగానే ఒంట్లో ఏదో హాయిగా సర్దుకోబోయింది. ఇంటికెళ్ళి కిటికీలు కడుక్కోవచ్చన్నట్టు. ఇన్నాళ్ళూ దాన్నే విశ్రాంతి అనుకున్నాను. ఇవాళ దాన్ని చూశాను. వంటింటి నేల, ఉల్లిపాయలు, తడి. నాకు గుర్తు లేదనుకున్నవన్నీ అక్కడే ఉన్నాయి.

ఫోన్ చేశాను.

"ఎడమ," అన్నాను.

అటు యంత్రం చప్పుడు. ఆయన నడుచుకుంటూ దూరంగా వచ్చినట్టున్నారు, చప్పుడు తగ్గింది.

"ఎంత?"

"పందొమ్మిది."

"అయితే?" అన్నారు.

"అయితే ఏముంది? భయంగా ఉంది. రండి."

అటు ఊపిరి మాత్రం వినపడింది. ఈసారి అది బరువు దించిన ఊపిరి కాదు, ఎత్తుకుంటున్నది.

"నాకూ భయంగానే ఉంది," అన్నారు. "వస్తున్నాను."

రేపు పొద్దున ఎనిమిదింటికి బస్సు దిగుతారు. ఇంటికొచ్చి రిజిస్టర్లో రాశాను: ఎడమ, 19, వస్తున్నారు. అట్ట లోపలి చీటీ ఊడదీయలేదు. బొమ్మకి ఇటు కుడి అని, అటు ఎడమ అని రాశాను. తర్వాత ఎర్ర పెన్సిలు చెక్కి మూలన టిక్కు పెట్టి, కింద ఇవాళ్టి తేదీ వేశాను.